రజాకార్ల బాకీ తిరువూరు సాయిబుది కాదు

1948లో భారత సైన్యం 'పోలీసు చర్య'తో నిజాం సంస్థానం లొంగిపోయిన సెప్టెంబర్ 17 ఏటా దగ్గరపడేసరికి ఒక వాదం జోరందుకుంటుంది. తెలుగు నేల మీద ముస్లింలకూ ప్రభుత్వానికీ ఉన్న పేచీ అంతా నిజాం కోసం ఆయుధం పట్టిన రజాకార్ల దళాలతో మొదలైందని, నిజాం రాజ్యం పోయిందన్న కడుపుమంట వాళ్ళలో తరం నుంచి తరానికి పాకుతోందని ఆ వాదం. నాలుగు శాతం రిజర్వేషన్ అడిగినా, వక్ఫ్ భూమి మాదన్నా, పోలీసులు అన్యాయంగా పట్టుకుపోయారని మొత్తుకున్నా అది ఆ పాత మంట తాలూకు సెగేనని తీర్మానిస్తారు. 2024లో 'రజాకార్' సినిమా వచ్చాక ఈ మాట వాట్సాప్ గ్రూపుల నుంచి టీకొట్ల దాకా దిగింది. చదువుకున్నవాళ్ళు, ముస్లింల మీద ఏ ద్వేషమూ లేనివాళ్ళు కూడా దీన్ని చరిత్ర అనుకుని నమ్ముతున్నారు. ఇది చరిత్ర కాదు. ఆ మాట చెప్పడానికి ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని తిరువూరు కంటే మంచి చోటు నాకు తెలియదు.

తిరువూరు దాటి కాస్త దూరం పోతే పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి. అది ఖమ్మం జిల్లా. 2014 జూన్ 2 నుంచి ఇక్కడ రెండు రాష్ట్రాల హద్దు ఉంది. అంతకుముందు, ఆంధ్ర రాష్ట్రం రానప్పుడు, ఇదే హద్దుకు ఈ పక్క మద్రాసు, ఆ పక్క హైదరాబాద్ సంస్థానం. ఆ గీత 1766 నాటిది. ఆ ఏడాది నవంబర్‌లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. ప్రతిఫలంగా కంపెనీ ఆయనకు ఏటా సొమ్ము కట్టే ఏర్పాటు. మైలవరం, తిరువూరు వైపు ఊళ్ళున్న కొండపల్లి సర్కారు అట్లా ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. మధిర, కల్లూరు వైపు ఊళ్ళు నిజాం కింద ఉండిపోయాయి. రెండు పక్కలా బంధువులున్న కుటుంబాలు, ఒకే ఉరుసుకు కలిసే సాయిబులు రెండు రాజ్యాల ప్రజలయ్యారు.

దీని అర్థం ఏమిటో నిదానంగా ఆలోచించండి. తిరువూరు సాయిబుల పూర్వీకులు 1766 తర్వాత నిజాం ప్రజలు కారు. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కినప్పుడు వాళ్ళకు ఆయన పొరుగు రాజు. వాళ్ళకు పై కచేరీ బందరు, రాజధాని మద్రాసు. 1948లో సంస్థానం నుంచి ప్రాణభయంతో పరుగెత్తుకొచ్చిన జనం తలదాచుకున్న చోట్లలో కృష్ణా జిల్లా సరిహద్దు ఊళ్ళూ ఉన్నాయి. ఆ ఊళ్ళలో సాయిబుల ఇళ్ళూ ఉన్నాయి. అయినా ఈనాడు ఊళ్ళో ఏ చిన్న తగువొచ్చినా 'రజాకార్ బుద్ధి' అన్న మాట ఈ పక్క పిల్లల మీదే పడుతుంది. నూట ఎనభై ఏళ్ళకు పైగా నిజాంతో సంబంధం లేని మనుషులకు నిజాం పోయిన దుఃఖాన్ని ఎలా అంటగడతారు? పేరును బట్టి, టోపీని బట్టి అంటగడుతున్నారు. అంతకు మించిన ఆధారం వాళ్ళ దగ్గర లేదు.

సరే, హద్దుకు ఆ పక్కకు పోదాం. నిజాం రాజ్యం ముస్లింల రాజ్యమా? గద్దె మీద ముస్లిం కూర్చున్నాడు, రాజభాష ఉర్దూ, జనాభాలో ఎనిమిదో వంతున్న ముస్లింలకు సర్కారు కొలువుల్లో దానికి ఎన్నో రెట్ల వాటా దక్కింది. ఇవన్నీ నిజాలే, నేను కాదనను. కానీ ఆ రాజ్యం ఊళ్ళో ఎవరి చేతుల మీదుగా నడిచింది? విసునూరు రామచంద్రారెడ్డి లాంటి దేశ్‌ముఖ్‌ల చేతుల మీదుగా. వెట్టి చేయించుకున్నది వాళ్ళు, శిస్తు పేరుతో పీల్చింది వాళ్ళు. కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు తన భూమి కోసం ఆ దేశ్‌ముఖ్ మీద నిలబడి కోర్టులో గెలిచాడు. దేశ్‌ముఖ్ మనుషులు అతన్ని చంపారు. నిజాం సర్కారు తన మతస్థుడైన బందగీని కాపాడలేదు, తన దేశ్‌ముఖ్‌నే కాపాడుకుంది. ఆ బందగీ కథ ప్రేరణగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మాభూమి' నాటకం రాస్తే కృష్ణా జిల్లా ఊళ్ళలో జనం విరగబడి చూశారు.

ఇంకా వెనక్కి పోతే 1857 జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీదకు దండెత్తారు. నిజాం దర్బారు ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచింది. తుర్రెబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు, మౌల్వీ అండమాన్‌లో చనిపోయాడు. తెలుగు నేల మీద ముస్లింకూ ప్రభుత్వానికీ మధ్య పోరుకు చారిత్రక మూలం వెతికితే ఎదురుపడేవాటిలో ఇదొకటి. ఒక ముస్లిం పాలకుడి ప్రభుత్వాన్ని ముస్లిం ప్రజలు ఎదిరించిన పోరు. కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ దాన్నే మరో రూపంలో కొనసాగించాడు. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్ వీధిలో చంపింది రజాకార్లు. సంస్థానం భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన నేరం. అదే సమయంలో నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో ఉప ప్రధానిగా ఉన్నది పింగళి వెంకటరామారెడ్డి. ఎవరు ఏ పక్షాన నిలిచారో మతం చూసి చెప్పలేం. భూమి, పదవి, ప్రాణం ఎవరికి ఎక్కడున్నాయో చూస్తేనే తెలుస్తుంది.

రజాకార్ల దుర్మార్గాన్ని చిన్నది చేయాలని నేనీ మాటలు రాయడం లేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో వాళ్ళు, నిజాం సైనికులు కలిసి చేసిన హత్యాకాండను ఏ సాకుతోనూ సమర్థించలేం. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ ఉపన్యాసాలు విషం. ఆ ఊళ్ళలో చచ్చిపోయినవాళ్ళ పిల్లలకు ఆ పేరు వింటే ఇప్పటికీ ఒళ్ళు మండితే అది న్యాయమైన కోపం. ఆ కోపాన్ని తెచ్చి, రజాకార్ల ముఖం కూడా చూడని వాళ్ళ మనవళ్ళ మీద రుద్దడమే అన్యాయం.

ఈనాటి పేచీ మొదలైంది 1948 సెప్టెంబర్ 17 తర్వాత. ఆ తర్వాత ఎవరికి ఏం దక్కిందో చూడండి. యుద్ధం ఎవరి మీద జరిగిందని చెప్పుకుంటున్నామో ఆ నిజాం 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 వరకు అదే రాష్ట్రానికి రాజప్రముఖ్. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం. విసునూరు లాంటి చోట్ల పారిపోయిన దేశ్‌ముఖ్‌లు సైన్యం వెనకాలే ఊళ్ళకు తిరిగొచ్చారు. నష్టపోయింది కింది మనుషులు. సంస్థాన సైన్యాన్ని రద్దు చేస్తే సిపాయి రోడ్డున పడ్డాడు. 1949లో జాగీర్లు రద్దయితే జాగీర్దారుకు పరిహారం ముట్టింది, జాగీరు నీడన బతికిన గుమాస్తా, కావలివాడు, వంటవాడు, గుర్రాల సాయిసుకు ఏమీ రాలేదు. ఉర్దూలో చదువుకుని ఉర్దూలో ఫైళ్ళు రాసినవాడి అక్షరజ్ఞానం కొద్ది ఏళ్ళలో పనికిరానిదైపోయింది. జాగీర్ల రద్దు మంచి పనే, రావలసిన పనే. కానీ దాని బరువు మోసినవాళ్ళలో పేద ముస్లింలు చాలామంది ఉన్నారని ఏ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు, ప్రత్యామ్నాయం ఆలోచించలేదు.

దీనికి తోడు నెత్తురు. పోలీసు చర్య సమయంలో, తర్వాత ముస్లింల మీద జరిగిన మారణకాండ గురించి విచారించి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపింది. వాళ్ళు 1948 నవంబర్ చివర్లో బయల్దేరి డిసెంబర్ మూడో వారం దాకా తిరిగారు. చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని లెక్కగట్టారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు, అంటే నేటి మహారాష్ట్ర, కర్ణాటక ప్రాంతాలు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు లూటీలను ప్రోత్సహించారని నివేదికలో రాశారు. ముస్లింలను కాపాడిన సైనికాధికారుల గురించీ రాశారు. ముస్లిం నేతగాళ్ళను ప్రాణాలొడ్డి కాపాడిన హిందూ సాలెల గురించీ రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. దశాబ్దాల పాటు పెట్టెల్లో ఉండిపోయింది. జనం చూడడానికి ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో దొరికింది ఈ శతాబ్దంలోనే.

తెలుగు జిల్లాలు ఆ నాలుగు జిల్లాలంతగా తగలబడకపోవడానికి కారణం నా దృష్టిలో ఒకటే. ఇక్కడ బందగీలూ, దొడ్డి కొమరయ్య లాంటి హిందూ పేదలూ అప్పటికే ఒకే సంఘంలో ఉన్నారు. పేదోడి శత్రువు ఎవరో ఊళ్ళకు తెలుసు. 'మత వైరం' సిద్ధాంతం నిజమైతే రజాకార్లు అంతగా చెలరేగిన నల్లగొండ, వరంగల్ జిల్లాల్లోనే ప్రతీకారం అందరికంటే ఘోరంగా ఉండాలి కదా!

ఒక పోలిక చెబుతాను. అదే 1948-50 మధ్య ఈ పక్క కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టుల కోసం మలబార్ పోలీసులు ఊళ్ళ మీద పడ్డారు. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామస్థులను బట్టలు విప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. ఆ ఊళ్ళ జనానికి ప్రభుత్వం మీద కోపం రాదా? వచ్చింది. 1952 ఎన్నికల్లో ఓట్ల రూపంలో చూపించారు కూడా. వాళ్ళ కోపానికి మనం రాజకీయం అని పేరు పెట్టాం. తర్వాతి కాలంలో తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్నవాళ్ళకు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఇచ్చాం, ఇవ్వాల్సిందే. అదే రోజుల్లో హద్దుకు ఆ పక్క సైన్యం కింద నలిగిన ముస్లిం కుటుంబం కోపానికి మాత్రం మతం అని పేరు పెట్టాం. ఈ రెండు తూకపు రాళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి?

మళ్ళీ ఈ పక్కకు వద్దాం. మద్రాసు ప్రభుత్వంలో 1927 కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో 2 ముస్లింలకు దక్కేవి. బ్రాహ్మణులకు 2, బ్రాహ్మణేతర హిందువులకు 5, క్రైస్తవులకూ ఆంగ్లో ఇండియన్లకూ కలిపి 2, అంటరాని కులాలకు 1. తిరువూరు సాయిబుల పిల్లలకు ఉద్యోగానికి ఉన్న దారి అదే. 1951లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పద్ధతి పోయింది. మిగతా వెనుకబడిన కులాలకు వేరే పద్ధతిలో మళ్ళీ దారి తెరుచుకుంది. 1970 నాటి బీసీ జాబితాలో దూదేకులకు చోటు దొరికింది. మిగతా పేద ముస్లింలు దాదాపు అందరూ 2007 దాకా బయటే నిలబడ్డారు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. రిజర్వేషన్లలోకి మతాన్ని చొప్పిస్తున్నారని ముస్లింల మీద నింద వేసేవాళ్ళు 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును ఒకసారి చదవాలి. హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడని అందులో ఉంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లిం, క్రైస్తవ దళితులు ఇప్పటికీ బయటే. తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. పాకీ పని చేసిన మెహతర్ ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు ఇక్కడ నామినేషన్ వేయలేడు. అదే చీపురు, అదే మురికి, అదే వెలివాడ బతుకు. తేడా మతం ఒక్కటే. ఆ తేడాను రాసింది ప్రభుత్వం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ షరతు తీసేయమని సిఫారసు చేసింది. 2022లో దీని మీదే జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. షరతు అలాగే ఉంది.

ఇక నాలుగు శాతం సంగతి. 2004 జులైలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం ఇస్తూ జీవో తెచ్చింది. హైకోర్టు సెప్టెంబర్‌లో కొట్టేసింది. 2005లో మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ కొట్టేసింది. మొత్తం మతానికి ఇవ్వడం తప్పన్న ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అప్పుడు పి.ఎస్. కృష్ణన్ అనే రిటైర్డ్ ఐఏఎస్ అధికారిని పిలిపించారు. బీసీల కోసం జీవితమంతా పనిచేసిన ఆయన కులవృత్తులను బట్టి ముస్లిం సమూహాలను విడదీశారు. 2007 చట్టం దాని మీద వచ్చింది. ఆ చట్టం అనుబంధం చదివితే ఎవరికైనా కళ్ళు తెరుచుకుంటాయి. అచ్చుకట్టలవాళ్ళు. అత్తరు సాయిబులు. తురక చాకళ్ళు. హజాములు. గారడీ సాయిబులు, పాములవాళ్ళు. గుడ్డి ఎలుగువాళ్ళు. ఫకీర్లు, బుడబుక్కివాళ్ళు. కీలుగుర్రాలవాళ్ళు. రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు.

ఈ చివరివాళ్ళను మీరు చూసే ఉంటారు. ఉలి, సుత్తి గోనెసంచిలో వేసుకుని మిట్టమధ్యాహ్నం వీధుల్లో "రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొడతామమ్మా" అని కేకేస్తూ పోయేవాళ్ళు. అరుగు కింద కూర్చుని, నున్నబడిన రాతి మీద ఒక్కో గంటు పెడుతుంటే రాతిపొడి కనురెప్పల మీద పడేది. పిండి మరలు, మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక వాళ్ళకు చేతిలో పని లేదు. వీళ్ళు రాజ్యం పోయి ఏడ్చే నవాబులా? సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛి మేమన్ లాంటి పై వర్గాలను ఆ చట్టమే పేరుపేరునా పక్కన పెట్టింది. మతాన్ని బట్టి ఇచ్చిన రిజర్వేషన్ అయితే ఈ ముస్లింలను ఎందుకు వదిలేస్తుంది? 2007 నాటికి ఎస్సీకి 15, ఎస్టీకి 6, బీసీకి 25, ఈ 4 కలిపి సరిగ్గా 50 శాతం. ఇంకో కులం కంచంలో మెతుకు తీయలేదు.

2010 ఫిబ్రవరి 8న హైకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 మెజారిటీతో ఈ చట్టాన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో గుర్తించిన సమూహాలకు కొనసాగనిచ్చి, కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆనాటి నుంచి బీసీ-ఇ, అంటే ఈ నాలుగు శాతం కోటా పిల్లవాడి సీటు ఒక మధ్యంతర ఉత్తర్వు మీద వేలాడుతోంది. ప్రతి ఎన్నికల్లోనూ దాన్ని తీసేస్తామని ఒకరు, కాపాడతామని ఇంకొకరు సభలు పెడతారు. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ళ సభలో కేంద్ర హోంమంత్రే రద్దు చేస్తామని చెప్పారు. పేచీ ఎవరు పెట్టుకుంటున్నారో, ఎవరు భయంతో బతుకుతున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది.

భూమి గొడవ కూడా ఇట్లాంటిదే. హైదరాబాద్ పక్కన మణికొండ జాగీరులో హుస్సేన్ షా వలీ దర్గా కింద ఉన్న 1654 ఎకరాల కేసులో 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు భూమి రాష్ట్రానిదేనని తేల్చింది. తీర్పు సరైనదో కాదో లాయర్లు వాదించుకోనివ్వండి. ఆ కేసులో తేల్చాల్సింది జాగీర్ల రద్దుతో ఆ భూమి ఎవరికి చెందిందన్నది. ఖురాన్‌తో దానికి సంబంధం లేదు. తేలేలోపే ప్రభుత్వం ఆ భూముల్లో చాలా భాగం కంపెనీలకు కేటాయించేసింది. నగరం పక్కన ఎకరం కోట్లు పలికే చోట హిందూ రైతులకూ ప్రభుత్వానికీ ఇలాంటి కేసులు వందల్లో ఉన్నాయి. వాటిని ఎవరూ మత వైరం అనరు.

రజాకార్లను పెంచిన మజ్లిస్ పార్టీ సంగతేమిటని అడుగుతారు. రజ్వీ 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్ళాడు, పార్టీని అబ్దుల్ వాహెద్ ఒవైసీ మళ్ళీ నిలబెట్టాడు. పాతబస్తీలో దాని రాజకీయాలతో నాకు పేచీలు చాలా ఉన్నాయి. కానీ పాతబస్తీకి మజ్లిస్‌ను కట్టిపెట్టింది ఎవరు? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోతే, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. అనుమానం పేరుతో పదుల సంఖ్యలో కుర్రాళ్ళను పట్టుకుపోయారు. కోర్టులు వదిలేశాక వాళ్ళలో కొందరికి రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం చెక్కులు, మంచి నడవడి సర్టిఫికెట్లు ఇచ్చింది. నేరం చేయలేదని ప్రభుత్వమే కాగితం రాసిచ్చిన కుర్రాడు ఆ పోలీసు స్టేషన్ ముందు నుంచి నడిచిపోతూ ఏమనుకుంటాడు? ఆ అనుభవానికి రజాకార్ల చరిత్ర అక్కర్లేదు.

ప్రభుత్వంతో పేచీకి మతాన్ని కారణం చేయడం మనకే ప్రత్యేకమైన జబ్బు కాదు. 1909లో బ్రిటిష్‌వాళ్ళూ సయాం (నేటి థాయ్‌లాండ్) రాజూ చేసుకున్న ఒప్పందంతో మలయ్ ముస్లింలు రెండుగా విడిపోయారు. కెలంతాన్ బ్రిటిష్ మలయాకు, పటానీ సయాంకు పోయాయి. ఒకే మతం, ఒకే భాష. కెలంతాన్‌లో ఈనాడు సాయుధ తిరుగుబాటు లేదు. పటానీలో దశాబ్దాలుగా నెత్తురు పారుతోంది. అక్కడ హాజీ సులోంగ్ 1947లో తమ భాషకు, స్థానిక ఉద్యోగాలకు చోటివ్వమని ఏడు కోర్కెలు పెట్టాడు. జైల్లో పెట్టారు. 1954లో పోలీసుల పిలుపు మీద వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. పోరుకు మూలం మతమే అయితే హద్దుకు రెండు పక్కలా అది ఒకేలా రగలాలి. రగల్లేదంటే మూలాన్ని ప్రభుత్వం చేసిన పనుల్లో వెతకాలి.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో రెండు రాష్ట్రాల ప్రజాప్రతినిధులుంటే వాళ్ళకు నా విన్నపం ఇది. వచ్చే సెప్టెంబర్ 17న సభలు పెట్టే ముందు సుందర్‌లాల్ నివేదికను తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేయించండి. పక్కనే బైరాన్‌పల్లి మృతుల పేర్లూ వేయించండి, రెండూ కలిపి మా పిల్లలు చదువుతారు. రాజ్యాంగ ధర్మాసనం ముందున్న కేసును త్వరగా వినమని ప్రభుత్వాల తరఫున అర్జీ పెట్టండి. 1950 ఉత్తర్వులోని మతం షరతు తీసేయాలని శాసనసభల్లో తీర్మానం చేయండి. తిరువూరు పాఠకులారా, మీ వీధిలో ఎవరైనా ఓ సాయిబు పిల్లవాణ్ణి రజాకార్ అంటే అక్కడే ఆపి, ఈ ఊరు నిజాం చేయి దాటింది 1766లోనని చెప్పండి.